ఒక పన్ను తక్కువ చక్రం

మా మగ్గానికి బిగించిన ఇనుప చక్రంలో ఒక పన్ను ఎందుకు లేదని అడిగినవాళ్లందరికీ మా ఆయన ఒకటే అబద్ధం చెప్పేవాడు. ఇనుము నాసిరకమనీ, మొదటి ఎండాకాలమే విరిగిందనీ అనేవాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడు. అయినా అందరూ నమ్మారు. అది విరిగిన రోజు అక్కడ ఉన్నది ముగ్గురం. ఆయనకు ఏమీ గుర్తు లేదు, మా అత్తమ్మ ఎవరికీ చెప్పలేదు, ఇక మిగిలింది నేను.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. మా ఊరు చిట్యాల నుంచి రెండు మైళ్లు లోపలికి ఉంటుంది. నేను కాపురానికి వచ్చి రెండేళ్లయింది. ఇంట్లో నేను, మా ఆయన రఘుపతి, మా అత్తమ్మ సోమమ్మ. మా మామ రామచంద్రయ్య అంతకుముందు కార్తీకంలో పోయాడు. మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే, నేస్తున్న చీర మీద తల వాల్చి పోయాడు. పొద్దుగూకుతుంటే దీపం పెడదామని వెళ్లి మొదట చూసింది నేనే.

మామ మంచి నేతగాడు, అంతకు మించి మొండివాడు. ఒకసారి కూర్చుంటే ఆకలి దప్పులు ఉండవు. మధ్యాహ్నం అత్తమ్మ వెళ్లి మగ్గం గుంజ మీద కర్రతో మూడుసార్లు కొట్టి, "లేవరాదు, బువ్వ పెట్టిన" అనేది. అప్పుడుగానీ లేచేవాడు కాదు. వాళ్ల పెళ్లయిన నాటినుంచీ అదే తంతు అని వాడలో నవ్వుకునేవాళ్లు. నేను వంటింట్లో ఆ మూడు దెబ్బలు విని కంచం పెట్టేదాన్ని. మామ పోయిన రోజు ఆ దెబ్బలు వినబడలేదన్న సంగతి నాకు చాలా రోజులదాకా తట్టలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేతగాడు పోతే, మగ్గం మీద ఆయన నేసినంత బట్టనూ కోసి ఆయన మీదే కప్పి పంపాలి. పోగు కూడా మిగల్చకూడదు. చేతిలో పని ఉన్నవాడు వెళ్లలేడట. మామ మీద కప్పిన బట్టను కోసింది మా ఆయనే. ఏడుస్తూ కోశాడు, ఎవరమూ దగ్గర నిలబడి చూడలేదు.

నెల తిరక్కుండానే మా ఆయన తన తండ్రి కూర్చున్న గుంటలో కూర్చున్నాడు. కూర్చున్న నాటినుంచీ ఒకటే సణుగుడు, దోనె మీద. దోనె అంటే నేసిన బట్ట చుట్టుకునే కొయ్య, నేతగాడి ఒడి ముందు అడ్డంగా ఉంటుంది. జానెడు నేయగానే ఆపాలి. పడుగును, అంటే నిలువు పోగులను, లాగిపట్టిన తాడు వదులు చేయాలి, మోకాళ్ల మీద లేచి, దోనె చివర తొర్రలో కర్ర దూర్చి తిప్పాలి, మళ్లీ తాడు బిగించాలి. రోజుకు ఇరవై సార్లు ఇదే పని. ఆపి మొదలుపెట్టిన చోటల్లా బట్టలో సన్నని చార పడేది. ఎవరికీ కనబడని ఆ చార మా ఆయనకు కంట్లో నలుసై కూర్చుంది.

మాఘమాసంలో ఒకరోజు నేతగాళ్ల సంఘానికి చీరలు అప్పజెప్పి వస్తూ, హైదరాబాదు రోడ్డు మీద టైరు పగిలిన లారీ దగ్గర ఆగాడట. జాకీతో లారీని లేపుతుంటే చూస్తూ పొద్దంతా అక్కడే నిలబడ్డాడు. ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా నా ముందు చేతులు తిప్పుతూ చెప్పాడు.

"ఒక్క దెబ్బకు ఒక్క పన్ను జరుగుతది అమృతా. ఎక్కుతది గని దిగది. దోనెకు గసొంటిది పెడితే?"

నాకేం అర్థం కాలేదు. జొన్న గట్క చల్లారుతోందని మాత్రం చెప్పాను.

చిట్యాలలో లారీలు బాగుచేసే షెడ్డులో ఇస్రాయేలు అని ఒకతను ఉండేవాడు. మా ఆయన అతని వెంటపడి, పాత సామాను కుప్పలోంచి రెండు ఇనుప పళ్ల చక్రాలు తీయించాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. లారీలు నడిపేవాళ్లను చూశాను కానీ మగ్గానికి గేర్లు పెట్టేవాణ్ని నిన్నే చూస్తున్నానని ఇస్రాయేలు ఒకటే నవ్వాడట. నవ్వుతూనే, ఉగాది వెళ్లిన నాలుగు రోజులకు మూటలో సామాను వేసుకుని వచ్చి బిగించిపోయాడు.

చూడటానికి వాడంతా వచ్చింది. కాలి కింది రెండు చెక్కల్లో ఏది తొక్కినా ఒక ఇనుప నాలుక చిన్న చక్రాన్ని ఒక పన్ను తోసేది. చిన్నది ఒక చుట్టు తిరిగితే పెద్దది ఒక పన్ను జరిగేది. పెద్ద చక్రం దోనెకే బిగించి ఉంది కాబట్టి బట్ట దానంతటదే చుట్టుకునేది. పడుగు తాడును గుంజకు కట్టడం మానేసి, దూలం మీదుగా వేసి చివర ఒక రాయి వేలాడదీశాడు. బట్ట చుట్టుకున్న కొద్దీ రాయి పైకి లేస్తుంది. ఆపక్కర్లేదు, లేవక్కర్లేదు, బట్టలో చార ఉండదు. పక్కింట్లో ఉండే పెద్దులు అనే ఆయన గడ్డం గోక్కుంటూ, ఇట్లయితే రేపటికి మనిషి కూడా అక్కర్లేదేమోనన్నాడు. అందరం నవ్వాం.

అత్తమ్మ గడప దగ్గరే నిలబడి చూసింది. అన్నీ విన్నాక ఒక్క మాట అడిగింది.

"మరి లేసేదెప్పుడురా?"

"లేవాల్సిన పనే లేదమ్మా" అన్నాడు మా ఆయన, గొప్పగా.

 దోనె తిప్పే పాత కర్ర ఇక ఎవరికీ పనికిరాదు కదా, ఆమె దాన్ని తీసుకుపోయి తన మంచం పక్కన గోడకు ఆనించుకుంది.

మొదటి వారం ఇల్లంతా పండగలా ఉంది. ఆయన నేస్తూ కూనిరాగాలు తీసేవాడు. నేను వసారాలో రాట్నం మీద నూలు కండెలు చుడుతూ వినేదాన్ని. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, పోగును బట్టకు కొట్టే పన్నె దెబ్బ, ఎప్పుడో ఒకసారి పెద్ద చక్రం పన్ను 'టక్'మనడం. రెండేళ్లుగా ఆ మగ్గాన్ని వింటున్న చెవులు కాబట్టి ఎవరి నేత ఏదో నాకు కంఠతా వచ్చు. మా ఆయన పోగుకు ఒక్క దెబ్బ వేస్తాడు. మామ పోగుకు రెండు వేసేవాడు, ఒకటి గట్టిగా, రెండోది మెల్లగా, బిడ్డను జోకొట్టినట్టు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, వాడలో కుక్క కూడా మెదలని ఆ వేళ, నా రాట్నం దానంతటది ఆగిపోయింది. నేనే ఆపానని తర్వాత తెలిసింది. లోపల మగ్గం పోగుకు రెండు దెబ్బలు కొడుతోంది.

పిలిచాను. పలకలేదు. లోపలికి వెళ్లి చూస్తే ఆయనే, మామూలుగానే కూర్చుని ఉన్నాడు. కాకపోతే వీపు బాగా వంచి, ముఖం బట్టకు దగ్గరగా పెట్టుకుని నేస్తున్నాడు. ఆయనకు చూపు చక్కగా ఉంది. చూపు మందగించి అలా వంగేది మామ. భుజం పట్టి కుదిపితే చేతులు ఆగలేదు.  బయటికి వచ్చి వసారాలో కూర్చున్నాను, ఏం చేయాలో తోచక మళ్లీ కండెలు చుట్టాను.

నీడ తిరిగాక లేచి వచ్చి, ఆకలేస్తోంది ఇంకా పిలవలేదేమని నన్నే అడిగాడు.

"మూడుమాట్లు పిలిచిన."

"ఎప్పుడే? గిప్పుడే గద కూసున్న."

ముంగిట్లో నీడ చూపించాను. ఆయన దాన్ని చూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ రోజు నేను చుట్టిన కండెలన్నీ అయిపోయాయి, మామూలుగా రెండు రోజులు వచ్చేవి. కండెలు లెక్కపెట్టేది నేను కాబట్టి ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆనాటినుంచి రోజూ అంతే. పొద్దున ఒక్క దెబ్బ, మా ఆయన. ఎండ నెత్తికెక్కాక రెండు దెబ్బలు. ముందు గంటసేపు, తర్వాత రెండు గంటలు, వైశాఖం వచ్చేసరికి పొద్దువాలేదాకా. మధ్యాహ్నం అన్నం లేదు. పిలిస్తే వినబడదు. నీళ్లు పెదవులకు ఆనిస్తే పక్కల నుంచి కారిపోయేవి. సాయంత్రం మామూలు మనిషై లేచి, ఏమీ జరగనట్టు నాతో వేళాకోళం ఆడేవాడు. మనిషి మాత్రం రోజురోజుకూ తగ్గిపోతున్నాడు. మెడ ఎముకలు పైకి తేలాయి. ఆయన కూడా గుంటలోనే పోతాడని నాకు రూఢిగా అనిపించింది. ఇరవై ఏళ్లు లేవు నాకు. భయంతో చచ్చిపోతున్నా ఎవరికి చెప్పను? మొగుడు బాగా కష్టపడుతున్నాడని ఏడ్చే ఆడదాన్ని చూసి ఎవరైనా నవ్వుతారు.

చివరికి అత్తమ్మకే చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. తనకూ వినబడుతోందని అంది.

ఆ వారంలోనే పడుగు అయిపోయి బట్ట కోశారు. అత్తమ్మ దాన్ని ఒళ్లో పరుచుకుని, అంచు వెంబడి బొటనవేలు పెట్టి జరుపుతూ పోయింది. మూరెడు జరిపి ఆగింది. ఇంకో మూరెడు జరిపి మళ్లీ ఆగింది. మా ఆయన నేసిన అంచు కాస్త వంకర పోతుంది, ఎంత జాగ్రత్తపడ్డా పోతుంది. ఈ బట్టలో కొంతమేర వంకర అంచు, కొంతమేర దారం పట్టి గీసినంత తిన్నని అంచు, మళ్లీ వంకర, మళ్లీ తిన్నన. చివరికి పోయేకొద్దీ తిన్ననిదే ఎక్కువ.

"ఇది నా కొడుకు చెయ్యి గాదు" అంది.

ఆమె లేచి మగ్గం దగ్గరికి వెళ్లింది. కొత్త పడుగు ఎక్కించాలంటే దోనెకు ముందుగా ఒక పాత గుడ్డ కట్టి, దానికి పడుగు పోగులు ముడేస్తారు. ఆ గుడ్డ ఎప్పటికీ దోనెకు అట్లాగే ఉండిపోతుంది. ఏ నేత ఇంట్లోనైనా అంతే, పాత గోనె ముక్కో చిరిగిన పంచె ముక్కో. అత్తమ్మ వంగి ఆ గుడ్డను చేత్తో తడిమింది. మూరెడు ఎర్రంచు చీర ముక్క. అంచు తిన్నగా ఉంది.

ఎక్కడిదిరా ఇది అని అడిగితే మా ఆయన తల వంచుకున్నాడు. తండ్రి మీద కప్పే బట్ట కోసేటప్పుడు అంతా ఇచ్చేయడానికి చేతులు రాలేదట. ఒక్క మూరెడు దాచుకున్నాడు.

"నాయిన చేతి గుడ్డ మొదట్ల ఉంటే పని కలిసొస్తదనుకున్న" అన్నాడు చిన్నపిల్లవాడిలా.

అత్తమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. అప్పటికే కొత్త పడుగు పోగులు ఆ గుడ్డకు ముడివేసి ఉన్నాయి, వెయ్యికి పైగా ముడులు. అవన్నీ తెంపాలంటే పడుగు పాడవుతుంది. పెళ్లిళ్ల రోజులు, సంఘంవాళ్లకు మాటిచ్చాడు. ఈ ఒక్క పడుగు కానిమ్మని, అయ్యాక తీసేస్తానని బతిమాలాడు. మధ్యాహ్నం నేయనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ ఒట్టు పొద్దటి మనిషి వేసింది, మధ్యాహ్నం మనిషికి దాంతో ఏం సంబంధం?

మర్నాడు పొయ్యి మీద పులుసు మరుగుతోంది. వాకిలంతా ఎండ తెల్లగా కాస్తోంది. మగ్గం చప్పుడు రెండు దెబ్బల్లోకి మారింది. ఈసారి మాత్రం అది ఎప్పటికంటే నిదానంగా ఉంది. నేను చేతిలో గరిటెతోనే పరుగెత్తాను.

ఆయన తల బట్ట మీదికి వాలిపోతోంది. ఇంకో జానెడు వాలితే కార్తీకంలో నేను చూసినట్టే ఉంటుంది. పెదవులు నల్లబడ్డాయి. గుంటలోకి చెయ్యి పెట్టి కాళ్లు పట్టుకుంటే, అంత ఎండలో, బావినీళ్లంత చల్లగా ఉన్నాయి. ఆ చల్లని కాళ్లు చెక్క తొక్కుతూనే ఉన్నాయి. చక్రం టక్కుమంది. దూలం కింద రాయి వేలెడు పైకి లేచింది. పట్టి లాగాను. ఇద్దరు మనుషుల బరువున్నాడు. 

అప్పుడు వెనక గుంజ మీద కర్ర చప్పుడైంది. మూడు దెబ్బలు.

"లేవరాదు, బువ్వ పెట్టిన" అంది అత్తమ్మ.

కార్తీకం తర్వాత ఆ మాట వినడం అదే మొదలు. మగ్గం ఒక్క పోగంత సేపు తడబడి, మళ్లీ నడిచింది. ఆమె ఇంకోసారి కొట్టింది, ఇంకోసారి పిలిచింది. తల ఇంకొంచెం వాలింది. ఆమె దోనె తిప్పే ఆ పాత కర్రను పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా గుంట అంచున కూర్చుంది. కొడుకు ముఖం వంక చూడలేదు. దోనెను చూస్తూ, పక్కింటివాళ్లకు వినబడకూడదన్నంత చిన్నగా మాట్లాడింది.

"ఆ దినం నేను పిలువలేదు. పులుసుల ఉప్పెక్కువైందని పొద్దుగాల కంచం జరిపినవు, నాకు రోషమొచ్చింది. ఆకలైతే నువ్వే లేస్తవనుకున్న. నేను పిలువంది నువ్వు లేవవని నాకు ఎరుకే. ఎరుకుండి కూసున్న." దోనె మీద చెయ్యి వేసింది. "గిప్పుడు పిలుస్తున్న. ఇగ లే. పోరన్ని ఇడిసిపెట్టు."

పన్నె సగం దూరం వచ్చి ఆగింది. పెద్ద చక్రం టక్కుమనలేదు, కీచుమంది. పన్ను ఒకటి విరిగి ఎక్కడో గోడకు తగిలిన చప్పుడైంది. దోనె గిర్రున వెనక్కి తిరిగింది, పడుగంతా వదులై జారింది, రాయి దబ్బున నేల మీద పడింది. మా ఆయన కళ్లెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి మంచినీళ్లు అడిగాడు.

నీళ్లు నేనే తాగించాను. అత్తమ్మ ఆగలేదు. వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు పెట్టింది. ఒకదాంట్లో ముద్ద కలిపి కొడుకు చేతికిచ్చింది. రెండోది ఎదురుగా పెట్టుకుని, పులుసులో వేలు ముంచి ఉప్పు చూసుకుని, పొద్దుగూకేదాకా దాని పక్కన కూర్చుని విసురుతూనే ఉంది.

మర్నాడు పొద్దున వెయ్యి పోగులూ తెంపి ఆ మూరెడు గుడ్డ తీశాం. పడుగు పాడైతే పాడైంది. అత్తమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని ఎండిన వాగులోకి వెళ్లి, ఇసుక తోడి కప్పిపెట్టి వచ్చింది. మృగశిరకు వాన పడి వాగు వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూసింది. ఆ ఎండాకాలం అట్లా ముగిసింది.

విరిగిన పన్ను కోసం గుంటంతా వెతికాం, దొరకలేదు. ఇస్రాయేలు అతికిస్తానన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"ఉండనియ్యి. ఆ పన్ను కాడ ఆగి, లేసి, బువ్వ తిననియ్యి."

అట్లాగే ఉంచాం. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా చక్రం జారుతుంది, నేతగాడు లేచి పాత కర్రతో దోనె తిప్పుకోవాలి. బట్టలో చార పడుతుంది. రెండేళ్లలో మా వాడలోనూ, అటు ఆత్మకూరు దాకానూ చాలా మగ్గాలకు మా ఆయన ఈ చక్రాలు బిగించాడు. ప్రతిదాంట్లోనూ తనే ఆకురాయి పట్టుకుని ఒక పన్ను అరగదీసేవాడు. ఏమీ గుర్తులేదనే మనిషి అది మాత్రం ఎందుకు చేసేవాడో నేను అడగలేదు. ఎవరైనా అడిగితే చెవి గోక్కుని, ఇనుము నాసిరకమనేవాడు.

అత్తమ్మ ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం ఆమే పిలిచింది. ఆమె పోయాక కర్ర నా చేతికి వచ్చింది. మా ఆయనతో నాకు మాటల్లేని రోజులు లేకపోలేదు, మూడేసి రోజులు ముఖాలు చూసుకోని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు కూడా ఎండ నడినెత్తికి రాగానే వెళ్లి గుంజ మీద మూడుసార్లు కొట్టేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు, కొట్టేదాన్ని. ఆయన లేచి, కాళ్లు దులుపుకుని, నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్లేవాడు. నేను వెంటనే వెళ్లేదాన్ని కాదు. గుంట దగ్గరే నిలబడి చూసేదాన్ని. ఆయన పాదాలు తీయగానే కాలి కింది చెక్క ఒకటి పైకి లేచేది. రెండోది, ఆయన వంటింట్లోకి వెళ్లిపోయాక, ఇంకెవరో పాదం తీసినట్టు, కాసేపాగి లేచేది.